‘నేను పురుషుడినయ్యాను’: ఒక హతసాక్షి కలను ఎలా చదవాలి?

క్రీ.శ. 203 మార్చి నెలలో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ చెరసాలలో, తెల్లవారితే మృగాల ముందు నిలబడవలసిన ఒక యువతి తనకు వచ్చిన కలను రాసిపెట్టింది. కలలో ఒక సంఘ పరిచారకుడు వచ్చి ఆమె చేయి పట్టుకొని, గతుకుల దారుల వెంట ఆంఫీథియేటర్‌కు తీసుకువెళ్లాడు. అక్కడ ఆమె ఎదురుచూసిన మృగాలు లేవు. వికృతరూపుడైన ఒక ఈజిప్టువాడు పోరుకు సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆమె పక్షాన వచ్చిన అందమైన యువకులు ఆమె బట్టలు విప్పారు. ఆ క్షణం గురించి ఆమె రాసినవి లాటిన్‌లో మూడే మాటలు: ‘ఫక్తా సుమ్ మాస్కులుస్’, అంటే ‘నేను పురుషుడినయ్యాను’. ఆ పైన మల్లయోధుడికి పూసినట్టు ఒంటికి నూనె పూశారు, పిడిగుద్దులతో, తన్నులతో పోరు సాగింది, చివరికి ప్రత్యర్థి తలను కాలితో తొక్కి ఆమె గెలిచింది.

ఆ యువతి పేరు వీబియా పెర్పెతువా. వయసు ఇరవై రెండు, మంచి కుటుంబం, చదువుకున్నది, పెళ్లయినది, ఒడిలో పాలు తాగే మగబిడ్డ ఉన్నది. ఆమె వృత్తాంతంలోని 21 అధ్యాయాల్లో 3 నుంచి 10 వరకు ఉన్న భాగం ఆమె స్వయంగా రాసుకున్నదని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు, సందేహించేవారు కూడా లేకపోలేదు. తొలి క్రైస్తవ కాలంలో స్త్రీ చేతి రాత మనదాకా రావడమే అరుదు. అటువంటి రాతలో ఈ మూడు మాటలు ఉండడం వల్ల వీటి మీద చర్చ ఆగలేదు. స్త్రీ తన కాలపు కట్టుబాట్లను తెంచుకున్న గుర్తుగా కొందరు వీటిని చదివారు. ఆడదానిగా ఉండి గెలవలేనని ఆమె కూడా నమ్మిందనడానికి రుజువుగా మరికొందరు చదివారు. నాకు రెండూ తొందరపాటుగానే కనిపిస్తాయి.

మొదట వ్యాకరణం. ఆ వాక్యంలో ‘అయిన’ అనే అర్థమిచ్చే రూపం స్త్రీలింగంలోనే ఉంది, ‘పురుషుడు’ అన్న మాట పుంలింగంలో ఉంది, రెండూ కలిసి ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. తెలుగులో ‘అయ్యాను’ అన్నప్పుడు ఆ మాట అన్నది ఆడో మగో తెలియదు కనుక అనువాదంలో ఈ పొంతనలేనితనం మాయమైపోతుంది. పైగా కలలోని పోటీ పెద్ద ఆ తర్వాత కూడా ఆమెను స్త్రీగానే పేర్కొంటాడు, గెలిచాక ‘కుమారీ, నీకు సమాధానము’ అని ముద్దుపెట్టి బంగారు పండ్ల కొమ్మను చేతికిస్తాడు. దేహం మారినా ఆమె కూతురిగానే గోదాలోంచి బయటికి నడిచింది.

రెండవది భాష మోసుకొచ్చే బరువు. లాటిన్‌లో సద్గుణానికి, ధైర్యానికి ఉన్న మాట ‘విర్తుస్’, అది ‘విర్’ అనే పురుషవాచకం నుంచి పుట్టింది. గ్రీకులో ధైర్యాన్ని ‘ఆంద్రేయా’ అంటారు, దాని మూలం కూడా పురుషుడే. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు, మన ‘పౌరుషం’ పుట్టింది అక్కడినుంచే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో పౌలు అదే గ్రీకు ధాతువుతో హెచ్చరించినప్పుడు, మన తెలుగు బైబిలు ‘పౌరుషముగలవారై యుండుడి’ అని అనువదించింది, ఆదివారం ఆ వాక్యం వినే స్త్రీలెవరూ అది తమకు వర్తించదని అనుకోరు. ధైర్యానికి మగవాడి పేరు తప్ప వేరే పేరు లేని భాషలో ఒక స్త్రీ తన ధైర్యం గురించి ఎలా చెప్పుకోవాలి? పెర్పెతువా కల ఆ ప్రశ్నకు ఒక జవాబు. అది సిద్ధాంతం కాదు, గోదాలో నగ్నంగా నూనె పూసుకొని పోరాడేవాడు మగవాడే అయిన లోకంలో పుట్టిన కల.

ఇక రోమను హింస పనిచేసిన తీరు తెలియకపోతే ఈ కథలో స్త్రీపురుష పాత్రలు ఎందుకంత ముఖ్యమయ్యాయో అర్థం కాదు. యేసు కాలం నుంచి కాన్‌స్టంటైన్ చక్రవర్తి దాకా సామ్రాజ్యమంతటా క్రైస్తవులను ఎడతెరిపి లేకుండా వేటాడారన్న ఊహ నిజం కాదు. ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి తీరాలన్న సామ్రాజ్యవ్యాప్త శాసనం మొదట డేషియస్ చక్రవర్తి కాలంలో, 249 చివరిలో మాత్రమే వచ్చింది. అంతకు ముందు వ్యవహారమంతా స్థానికం. ఒక ఊళ్లో అల్లరి రేగుతుంది, ఎవరో ఫిర్యాదు చేస్తారు, అధికారి విచారణ జరుపుతాడు. సుమారు 112లో బిథీనియా-పొంతు ప్రాంతపు అధికారి ప్లినీ అడిగిన సందేహానికి ట్రాజన్ చక్రవర్తి ఇచ్చిన సమాధానమే చాలాకాలం ఆధారమైంది: క్రైస్తవులను వెతికి పట్టుకోనక్కరలేదు, ఫిర్యాదు వచ్చి నేరం రుజువైతే శిక్షించాలి, క్రైస్తవుణ్ణి కాదని చెప్పి మన దేవతలను పూజించినవాణ్ణి మాత్రం క్షమించి వదిలెయ్యాలి.

ఈ చివరి నిబంధనే కీలకం. దొంగ తన దొంగతనాన్ని కాదన్నంత మాత్రాన విడుదల కాడు, క్రైస్తవుడు మాత్రం ఒక్క మాటతో, చిటికెడు ధూపంతో ఇంటికి వెళ్లిపోవచ్చు. కాబట్టి విచారణ అంతా ఆ మాట రాబట్టడానికి చేసే ప్రయత్నమే అవుతుంది. మగవాడైతే పరువు, పదవి, ఆస్తి గుర్తుచేస్తారు. ఆడదైతే కన్నవారిని, కన్నబిడ్డను ఎదుట నిలబెడతారు. స్త్రీ పాత్రలు ఇక్కడ కేవలం నేపథ్యం కావు, అధికారి చేతిలోని సాధనాలు.

పెర్పెతువా రాతలో భర్త ఎక్కడా కనిపించకపోవడం పాఠకులను ఎప్పటినుంచో కలవరపెడుతున్న విషయం. అతడు చనిపోయాడని, విడిచిపెట్టాడని, భయపడి దాక్కున్నాడని ఊహాగానాలు చాలా ఉన్నాయి. కనిపించేది మాత్రం తండ్రి. రోమను చట్టం ప్రకారం కుటుంబ పెద్దకు పిల్లలపై జీవితాంతం అధికారం ఉండేది, ఆ కాలపు వివాహాల్లో ఎక్కువభాగం కూతురిని తండ్రి అధికారం కిందినుంచి తప్పించేవి కావు. అందుచేత ఆమె ధిక్కరించవలసిన మగవాడు భర్త కాదు, తండ్రి.

మొదటిసారి ఆయన వచ్చి మనసు మార్చుకోమన్నప్పుడు ఆమె అక్కడే ఉన్న ఒక కూజాను చూపించింది. దీనిని ఇది తప్ప వేరే పేరుతో పిలవగలమా అని అడిగింది. పిలవలేమన్నాడు. నేను కూడా నేనైనది తప్ప, అంటే క్రైస్తవురాలిని తప్ప, మరొకటని చెప్పుకోలేను అన్నది. పేతురు మొదటి పత్రిక భార్యను ‘యెక్కువ బలహీనమైన ఘటము’ అంటుందని తెలుగు బైబిలు చదివేవారికి తెలుసు. ఆ వాక్యం ఆమె మనసులో ఉందని నేననను, కానీ ఘటాన్ని బలహీనతకు కాక మారని పేరుకు ఉపమానంగా వాడిన స్త్రీ ఒకరున్నారని గుర్తుంచుకోవడం మంచిది. తండ్రి ఆమె కళ్లు పీకేసేటంత కోపంతో మీదికి వచ్చాడు. రెండవసారి వచ్చినప్పుడు కోపం కరిగిపోయింది. చేతులు ముద్దుపెట్టుకొని, కాళ్లమీద పడి, ఏడుస్తూ ఆమెను కూతురా అనలేదు, ‘దోమినా’ అన్నాడు, మన మాటల్లో దొరసానీ అని. ఇంటి యజమాని కూతురి కాళ్లదగ్గర, కూతురు యజమానురాలి పేరుతో. ఈ తలకిందులైన దృశ్యాన్ని ఆమె గొప్పగా రాసుకోలేదు, ఆయన స్థితికి బాధపడ్డానని మాత్రమే రాసింది.

విచారణ రోజు అధికారి హిలారియానుస్ వేసిన ఎత్తు కూడా అదే. నీ తండ్రి నెరసిన తలను చూసి జాలిపడు, నీ పసివాణ్ణి చూసి జాలిపడు, చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించు అన్నాడు. అర్పించను అన్నది. నువ్వు క్రైస్తవురాలివా అని అడిగాడు. క్రైస్తవురాలినే అన్నది. తండ్రి ఇంకా బతిమాలుతూనే ఉండడంతో ఆయనను కిందికి తోయించి బెత్తంతో కొట్టించాడు, ఆ దెబ్బ నాకే తగిలినట్టయిందని ఆమె రాసింది.

బిడ్డ సంగతి ఇంతకంటే క్లిష్టం. చీకటికొట్టులో వేసినప్పుడు ఆమెను అన్నిటికంటే వేధించినది బిడ్డ మీది బెంగ. తెర్తియుస్, పొంపోనియుస్ అనే సంఘ పరిచారకులు కావలివారికి లంచమిచ్చి ఖైదీలను కొన్ని గంటలు మెరుగైన చోటికి మార్పించారు, అప్పటికే ఆకలితో సొమ్మసిల్లుతున్న బిడ్డకు ఆమె పాలిచ్చింది. బిడ్డను తన దగ్గరే ఉంచుకునే అనుమతి దొరికాక చెరసాలే తనకు రాజభవనమైందని రాసింది. శిక్ష పడిన తర్వాత తండ్రి బిడ్డను ఇవ్వడానికి నిరాకరించాడు. అప్పుడామె రాసిన వాక్యం ఏ భక్తి గ్రంథంలోనూ ఊహించనిది: దేవుని చిత్తం వల్ల బిడ్డ మళ్లీ పాలు అడగలేదు, నాకు పాలు గడ్డకట్టి సలుపు రాలేదు, అలా బిడ్డ గురించిన బెంగా, రొమ్ముల నొప్పీ లేకుండా పోయాయి. విరక్తి గురించి పెద్దమాటలు చెప్పేవారు చాలామంది ఉంటారు, పాలు ఆగిపోవడాన్ని దైవానుగ్రహంగా లెక్కించుకున్నవారు బిడ్డకు పాలిచ్చినవారే అయి ఉండాలి. ఈ రాత ఆమెదేనని నన్ను నమ్మించే వాక్యం ఇదే. అంతకుముందు వచ్చిన కలలో గొర్రెల పాలు పితుకుతున్న ముసలి కాపరి ఆమెకు ఒక జున్నుముక్క పెట్టాడు, మేలుకున్నాక కూడా నోట్లో ఏదో తియ్యగా నములుతూనే ఉన్నదట. పాలిచ్చే తల్లి తన కలలో పాలు పుచ్చుకునే బిడ్డ అయింది.

ఇదంతా కలిగిన ఇంటి ఆడబిడ్డ కథ. దాసీల సంగతి వేరు. రోమను న్యాయవిధానంలో బానిస సాక్ష్యం సాధారణంగా చిత్రహింస పెట్టి తీసుకునేదే. ప్లినీ తన లేఖలో ‘పరిచారకురాండ్రు’ అని పిలవబడే ఇద్దరు దాసీలను హింసించి నిజం రాబట్టానని, మితిమీరిన మూఢనమ్మకం తప్ప ఏమీ దొరకలేదని తాపీగా రాశాడు. ఆయన వాడిన లాటిన్ మాట ‘మినిస్త్రే’. రోమీయులకు రాసిన పత్రికలో ఫీబేను ‘సంఘ పరిచారకురాలు’ అన్న హోదాకు అది సరిపోతుంది. సమాజంలో వస్తువులైనవారు సంఘంలో బాధ్యతలు మోస్తున్నారన్న విషయం మనకు తెలిసింది వారిని హింసించినవాడి కాగితం ద్వారా. వారి పేర్లు ఆయన రాయలేదు.

177 ప్రాంతంలో, నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో చనిపోయిన బ్లాందీనా కూడా దాసియే. ఆమె యజమానురాలు కూడా పట్టుబడిన క్రైస్తవురాలే. తనకు ఏమవుతుందోనని కాక, ఒంట్లో బలం లేని ఈ పిల్ల ఒప్పుకోలు చెప్పగలదా అని యజమానురాలు దిగులు పడిందట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంతులవారీగా హింసించినవారే అలసిపోయారు. ‘నేను క్రైస్తవురాలిని, మా మధ్య చెడు ఏదీ జరగదు’ అన్న మాటే ఆమె పదేపదే పలికింది. ఒక రోజు ఆమెను స్తంభానికి వేలాడదీసి మృగాలను వదిలారు. చూస్తున్న సహఖైదీలకు తమ సహోదరి రూపంలో సిలువవేయబడినవాడే కనిపించాడని ఆ సంఘం పంపిన లేఖ చెబుతుంది, యూసేబియుస్ తన సంఘ చరిత్రలో దానిని భద్రపరిచాడు. ఇక్కడ ఒక దాసీ దేహం క్రీస్తు దేహానికి పోలిక అయింది, అందుకు ఆమె పురుషుడిగా మారవలసిన అవసరం రాలేదు. అదే లేఖ చివరికి వచ్చేసరికి మాత్రం ఆమెను, పిల్లలను ప్రోత్సహించి ముందుగా పంపి తాను వెనుక వెళ్లిన ‘ఉత్తమురాలైన తల్లి’గా వర్ణిస్తుంది, ఏడుగురు కొడుకులను పోగొట్టుకున్న మక్కబీయుల తల్లి నమూనాలో. ఆమెకు పిల్లలున్నట్టు ఎక్కడా లేదు. సాహసాన్ని పొగడాలంటే స్త్రీని మగవాడిని చెయ్యాలి, లేదా తల్లిని చెయ్యాలి. ఆ లేఖ రాసినవారికి మూడో దారి దొరకలేదు.

కార్తేజ్‌లో పెర్పెతువాతో పాటు పట్టుబడిన ఫెలిసితాస్‌ను ఆమె దాసిగా చెప్పడం పరిపాటి, మూలంలో మాత్రం ఆ మాట లేదు. రెవొకాతుస్ అనేవాడికి ఆమె తోటి బానిస అని మాత్రమే ఉంది. పట్టుబడేనాటికి గర్భిణి. గర్భిణికి మరణశిక్ష అమలు చేయరాదన్నది రోమను నియమం. ఆ నియమమే ఆమెను కలవరపెట్టింది, తోటివారితో కాక తర్వాతెప్పుడో నేరస్తుల మధ్య చావవలసి వస్తుందని. అందరూ కలిసి ప్రార్థించాక, ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు, ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. ఆమె మూలుగు విని కావలివాడొకడు, ఇప్పుడే ఇలా ఏడుస్తున్నావు, మృగాల ముందు ఏం చేస్తావు అని ఎగతాళి చేశాడు. ఇప్పుడు నేను పడుతున్నది నేనే పడుతున్నాను, అక్కడ నా కోసం బాధపడేవాడు నాలో ఉంటాడు, ఎందుకంటే నేను ఆయన కోసమే బాధపడుతున్నాను అని ఆమె బదులిచ్చింది. పుట్టిన ఆడపిల్లను ఒక సహోదరి తన కూతురిగా పెంచుకుంది. ఫెలిసితాస్ పలికినట్టు ఈ గ్రంథంలో మిగిలిన మాటలు అవే.

కల రాసిన తర్వాత పెర్పెతువా తన డైరీని ఇలా ముగించింది: ప్రదర్శనకు ముందురోజు దాకా జరిగింది ఇది, ఆ తర్వాత జరిగేది ఎవరికి ఇష్టమైతే వారు రాయవచ్చు. రాశారు. చక్రవర్తి కొడుకు గెతా జన్మదినం సందర్భంగా జరిగిన ఆ ప్రదర్శనను వర్ణించిన పేరు తెలియని సంపాదకుడి చూపు ఆమె చూపు కాదు. స్త్రీలు కనుక వారి మీదికి మదించిన ఆవును వదిలారని, వలల్లో నగ్నంగా తెచ్చినప్పుడు ఒకరు సుకుమారి, మరొకరు రొమ్ముల నుంచి పాలు కారుతున్న బాలింత కావడం చూసి జనమే జుగుప్స పడ్డారని, వెనక్కి తీసుకువెళ్లి వదులైన అంగీలు తొడిగి తెచ్చారని చెబుతాడు. ఆవు కుమ్మి పడేశాక పెర్పెతువా చిరిగిన అంగీని లాగి తొడను కప్పుకుంది, నొప్పి కంటే సిగ్గే ఆమెకు ముఖ్యమైందని వ్యాఖ్యానిస్తాడు. జుట్టు విరబోసుకుంటే శోకంలో ఉన్నట్టు కనిపిస్తుందని పిన్ను అడిగి ముడి సవరించుకుంది. కలలో నిస్సంకోచంగా నగ్నంగా పోరాడినది, ఇక్కడ కులస్త్రీ మర్యాదకు తిరిగి వచ్చింది. ఇవి నిజంగా జరిగాయా లేదా అన్నది కాదు ప్రశ్న, రాసేవాడు ఏది ఎంచుకున్నాడన్నది. అయినా ఆ సంపాదకుడే, కొత్తవాడైన గ్లాడియేటర్ చెయ్యి వణుకుతుంటే ఆమె ఆ చేతిని పట్టి తన గొంతు మీదికి తానే తెచ్చుకుందని కూడా రాశాడు. అటువంటి స్త్రీని ఆమె సమ్మతి లేకుండా చంపడం బహుశా సాధ్యం కాలేదేమో అన్నాడు.

చెరసాల తెచ్చిపెట్టిన అధికారం సంఘ పెద్దలకు చిక్కుముడి అయింది. విశ్వాసం ఒప్పుకొని శిక్షకు ఎదురుచూసేవారి ప్రార్థనకు ప్రత్యేకమైన బలం ఉంటుందని నమ్మేవారు. పెర్పెతువాను ఆమె సోదరుడే ‘దోమినా’ అని సంబోధించి, దర్శనం అడిగి చెప్పమన్నాడు. ఆమె సహచరుడు సతురుస్ దర్శనంలో, పోట్లాడుకున్న బిషప్ ఒప్తాతుస్, సంఘ పెద్ద అస్పాసియుస్ ఇద్దరూ వచ్చి వీరి కాళ్లమీద పడి తమను సమాధానపరచమంటారు, పెర్పెతువా వారితో గ్రీకులో మాట్లాడుతుంది. అదే నగరంలో, అదే కాలంలో రాస్తున్న క్రైస్తవ రచయిత టెర్తూలియన్ ఆమెను గౌరవంగా పేర్కొంటూనే, సంఘంలో స్త్రీ బోధించరాదని, బాప్తిస్మం ఇవ్వరాదని తేల్చి చెప్పాడు. పౌలు శిష్యురాలు థెక్లా కథను చూపి కొందరు ఆ హక్కు అడుగుతున్నారని, ఆ కథ కల్పించిన, రోమను ఆసియా ప్రాంతపు సంఘ పెద్ద పదవి కోల్పోయాడని ఆయనే రాశాడు. థెక్లా మృగాల మధ్య నీటిలో దూకి తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకున్న స్త్రీ, మగవాడి పద్ధతిలో దుస్తులు కుట్టించుకొని ప్రయాణమైనది. ప్రాణం ఇవ్వడానికి స్త్రీకి అభ్యంతరం లేదు, బాప్తిస్మం ఇవ్వడానికే అభ్యంతరం.

కాలం గడిచేకొద్దీ సవరణలు పెరిగాయి. ఆ తర్వాత రాసిన సంక్షిప్త వృత్తాంతాల్లో పెర్పెతువాకు భర్త ప్రత్యక్షమయ్యాడు, తల్లిదండ్రులతో కలిసి విచారణకు వచ్చి బతిమాలాడు. ఫెలిసితాస్‌ను కూడా భర్త ఉన్నాడా అని అడుగుతారు. కొత్తగా వచ్చిన భర్తలు ఇద్దరూ తిరస్కరించబడడానికే వచ్చినా, మొదటి కథలోని ఖాళీ మాత్రం నిండింది. నాలుగో శతాబ్దపు చివరికి వచ్చేసరికి కీర్తి అందుకుంటున్నది పాలిచ్చే తల్లులు కాదు, రోమ్‌లోని ఆగ్నెస్ వంటి పన్నెండేళ్ల కన్యలు. ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ పెర్పెతువా, ఫెలిసితాస్‌ల పండుగ రోజున చేసిన ప్రసంగాల్లో ఒక ఇబ్బందిని పరిష్కరించవలసి వచ్చింది: ఆ రోజు మగవారు కూడా చనిపోయారు కదా, పండుగ ఈ ఆడవారి పేరున ఎందుకు? మగవారికంటే వీరు గొప్పవారని కాదు, బలహీనమైన జాతి జయించడం మరింత ఆశ్చర్యకరం కనుక అన్నాడు, పైగా రెండు పేర్లూ కలిపితే ‘నిత్యానందం’ అన్న అర్థం వస్తుందని చమత్కరించాడు. అద్భుతం అద్భుతంగా మిగలాలంటే స్త్రీ బలహీనురాలిగానే మిగలాలి. ఆయన ప్రశంస నిలబడింది ఈ షరతు మీదే.

రోమను కతోలిక పూజలోని మొదటి కృతజ్ఞతార్చన ప్రార్థనలో మరియమాత కాక ఏడుగురు స్త్రీల పేర్లు ఇప్పటికీ చదువుతారు. ఆ వరుసలో ఫెలిసితాస్ మొదట, పెర్పెతువా రెండవది. దాసి పేరు కలిగిన ఇంటి అమ్మాయి పేరుకంటే ముందు వచ్చిందని సంతోషించేలోగా, ఆ మొదటి పేరు కార్తేజ్ దాసిది కాదని, ఏడుగురు కొడుకులతో పాటు చనిపోయిందని చెప్పే రోమ్ నగరపు మరో ఫెలిసితాస్‌ది అయి ఉండవచ్చని కొందరు పండితులు వాదిస్తారు.